జీపు ఫ్యాను: కొనే ముందు కొలత



ఈ రోజు మాట జీపు ఫ్యాను గురించి. "జీపు సంగతి మగవాళ్లది గదా, మాకెందుకు?" అని కొందరు అనుకోవచ్చు. కానీ జీపు నడిదారిలో ఆగితే ఎండలో కూర్చునేది ఎవరు? బిడ్డను చంకనేసుకొని నడిచేది ఎవరు? కాన్పు నొప్పులతో ఆసుపత్రికి పోవలసింది ఎవరు? ఆడవాళ్లే. ఇక ఆ జీపు సంఘం డబ్బుతో కొన్నదైతే, దానికి పెట్టే ప్రతి రూపాయీ ఆడవాళ్ల పొదుపే. అందుకే ఈ సంగతి ఆడవాళ్లు తెలుసుకోవాలి.

జీపు మన దారుల బండి

కర్నూలు, కడప సీమలో దారులు ఎట్లుంటాయో అందరికీ తెలుసు. రాళ్ల బాటలు, ఇసుక వంకలు, కనుమలు. కడప నుంచి రాయచోటికి పోతే గువ్వలచెరువు కనుమ ఎక్కాలి. ఆత్మకూరు నుంచి శ్రీశైలం వైపు పోతే నల్లమల కనుమ ఎక్కాలి. ఇట్లాంటి దారులకు జీపు సరిగ్గా సరిపోయింది.

జీపు మొదట యుద్ధం కోసం పుట్టిన బండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుంచి అమెరికాలో వేలకు వేలు తయారు చేశారు. యుద్ధం అయిపోయాక 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ ఆ జీపును బొంబాయిలో తయారు చేయడం మొదలుపెట్టింది. మామూలు బండికి ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. ఫోర్ వీల్ జీపులో ఒక గేరు వేస్తే నాలుగు చక్రాలకూ పోతుంది. అందుకే బురదలో, ఇసుకలో కూడా కదులుతుంది.

1985లో మండలాలు ఏర్పడ్డాయి. మండల ఆఫీసు ముందు నిలబడిన జీపు అందరికీ గుర్తే. తరువాత అట్లాంటి పాత జీపులు ఎన్నో పల్లెలకు చేరాయి. బస్సు రాని ఊరికి జీపే బస్సు. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. అంతకుముందు చాలా ఊళ్లకు జీపే అంబులెన్సు.

కానీ జీపుకు ఒక శత్రువు ఉంది. అది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో, బరువుతో, మెల్లగా ఎక్కే దారిలో పాత జీపు ఇంజను ఉడికిపోతుంది.

ఒక కథ అనుకుందాం

పత్తికొండ వైపు ఒక పల్లె. అక్కడ ఒక పొదుపు సంఘం. సంఘంలో అందరూ రాత్రి బడిలో అక్షరాలు నేర్చినవాళ్లే. వాళ్లు ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నారు. తెల్లవారుజామున టమోటా బాక్సులు మార్కెట్టుకు తోలుతారు. మిగిలిన వేళల్లో మనుషులను తోలుతారు.

మే నెల. ఒకరోజు జీపు మిట్ట ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్టు సందుల్లో నుంచి ఆవిరి బుస్సుమని లేచింది. బండి ఆగిపోయింది. ఆ పూట టమోటాలు వాడిపోయాయి. సగం ధర కూడా రాలేదు.

సాయంత్రం డ్రైవరు వచ్చి చెప్పాడు. "అక్కా, ఫ్యాను పోయినట్టుండాది. కరెంటు ఫ్యాను వేయిద్దాం. వైరింగుతో కలిపి 6,500 అవుతాదంట."

లీడరక్కకు గుండె ఝల్లుమంది. డబ్బు ఒక్కటే కాదు ఆమె బాధ. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. 108 తారు రోడ్డు దాకే వస్తుంది. ఊరి నుంచి తారు రోడ్డుకు మధ్యలో వంక ఉంది. ఆ వంక దాటించేది ఈ జీపే.

"6,500 పెట్టినా పెడదాం. బండి మాత్రం ఆగకూడదు" అంది ఆమె.

లెక్కలు రాసే చెల్లి మాత్రం ఒక మాట అడిగింది. "ఫ్యానే పోయిందని ఎట్ల తెలిసె?"

ఎవరూ జవాబు చెప్పలేదు. డ్రైవరు కూడా తల గోక్కున్నాడు. ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే ముందు ఇంజను ఎట్లా చల్లబడుతుందో తెలియాలి.

ఇంజను ఎట్లా చల్లబడుతుంది?

ఇంజనులో డీజిలు మండుతుంది. ఆ మంటలో కొంత భాగమే బండిని నడుపుతుంది. మిగిలినదంతా వేడిగా పోవలసిందే. కొంత వేడి పొగ గొట్టంలో పోతుంది. కొంత ఇంజను చుట్టూ తిరిగే నీళ్లలోకి పోతుంది.

ఉడుకెక్కిన నీళ్లు పై పైపులో నుంచి రేడియేటరులోకి వస్తాయి. రేడియేటరులో సన్నని గొట్టాలు ఉంటాయి. గొట్టాల మధ్య పలుచని రేకులు ఉంటాయి. ఫ్యాను ముందు నుంచి గాలిని లాగి ఆ రేకుల మధ్య నుంచి పంపుతుంది. నీళ్లు చల్లబడి కింది పైపులో నుంచి మళ్లీ ఇంజనులోకి పోతాయి. నీళ్లను తిప్పేది వాటరు పంపు. పాత జీపుల్లో పంపునూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు.

ఉడుకు సంగటిని వెడల్పు పళ్లెంలో పరిచి విసనకర్రతో విసిరితే తొందరగా ఆరుతుంది. రేడియేటరు పళ్లెం లాంటిది. ఫ్యాను విసనకర్ర లాంటిది. పళ్లెం సరిగా లేకపోతే విసనకర్ర మార్చి లాభం లేదు.

తప్పు ఎక్కడుంది?

బండి ఎప్పుడు వేడెక్కుతుందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది.

మెల్లగా పోయేటప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు, నిలబడి ఉన్నప్పుడు వేడెక్కుతుందా? తారు రోడ్డు మీద వేగంగా పోతే మళ్లీ చల్లబడుతుందా? అయితే అనుమానం ఫ్యాను మీద, బెల్టు మీద. ఎందుకంటే వేగంగా పోయే బండికి ఎదురుగాలే సరిపోతుంది. మెల్లగా పోయే బండికి ఫ్యానే దిక్కు.

వేగంగా పోయినా వేడెక్కుతుందా? అయితే అనుమానం రేడియేటరు మీద. బోరు నీళ్లు కాచే గిన్నెలో అడుగున తెల్లటి పొర పట్టడం అందరూ చూసిందే. అవే నీళ్లు పోస్తే రేడియేటరు గొట్టాల్లోనూ ఆ పొరే పడుతుంది. గొట్టాలు పూడుకుపోతాయి. రేకుల సందుల్లో దుమ్ము, పొట్టు, పురుగులు చేరినా గాలి ఆడదు.

నీళ్లు మాటిమాటికీ తగ్గిపోతున్నాయా? అయితే పైపులు, పంపు, మూత చూడాలి. ఎక్కడో కారుతూ ఉంటుంది. బయట ఎక్కడా కారకుండా తగ్గితే ఇంజను లోపలే తప్పు ఉండవచ్చు. అప్పుడు మంచి మెకానిక్కుకు చూపించాలి.

బెల్టును కూడా చూడాలి. ఇంజను ఆపి, చల్లారిన తరువాత, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాలి. సుమారు అర అంగుళం లోపలికి పోతే సరి. ఇంకా ఎక్కువ పోతే బెల్టు వదులు. వదులు బెల్టు జారుతుంది. ఫ్యాను సరిగా తిరగదు. దానికి కొత్త ఫ్యాను అక్కర లేదు, బెల్టు బిగిస్తే చాలు.

లెక్కల చెల్లి ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసింది. డ్రైవరు ఒక్కొక్కటీ చూసి చెప్పాడు. జీపు మిట్టల్లోనే వేడెక్కుతుంది. తారు రోడ్డు మీద ముల్లు దిగుతుంది. నీళ్లు కారడం లేదు. రేడియేటరును పోయిన నెలలోనే విప్పి కడిగించారు. బెల్టు పాతబడి అంచులు పీచులు లేచాయి. ఫ్యానుకు నాలుగు ఇనుప రెక్కలు. అందులో ఒక రెక్క ఎప్పుడో పగిలితే వెల్డింగు చేయించారు. అది వంకర తిరిగి ఉంది. ఫ్యాను చుట్టూ ఉండవలసిన రేకు కవరు అసలు లేదు. ఎవరో ఎప్పుడో తీసి పారేశారు.

ఇప్పుడు జవాబు దొరికింది. తప్పు ఫ్యానుదే. కానీ ఫ్యానుది ఒక్కదానిదే కాదు.

ఫ్యాన్లు ఎన్ని రకాలు?

మొదటిది బెల్టు ఫ్యాను. ఇంజను తిరిగితే ఇదీ తిరుగుతుంది. కరెంటుతో పని లేదు. చెడిపోయేదీ తక్కువే. కానీ ఇంజను మెల్లగా తిరిగితే ఇదీ మెల్లగానే తిరుగుతుంది. దీంట్లో ఇనుప రెక్కలవి, ప్లాస్టిక్ రెక్కలవి ఉంటాయి. ఇనుము గట్టిది, కానీ బరువు. వంగితే కష్టం. ప్లాస్టిక్ తేలిక. పంపు బేరింగు మీద భారం తక్కువ. కానీ ఏళ్లు గడిస్తే వేడికి పెళుసెక్కి పగులుతుంది.

రెండోది క్లచ్ ఫ్యాను. దీని నడుమ ఒక డబ్బా ఉంటుంది. అందులో చిక్కని నూనె ఉంటుంది. రేడియేటరు నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటే ఆ డబ్బా పట్టు బిగిస్తుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. చల్లగా ఉంటే పట్టు వదులుతుంది. డీజిలు కొంచెం కలిసివస్తుంది. కానీ నూనె కారిపోతే పట్టు పోతుంది. ఖరీదు కూడా ఎక్కువ. బండితోపాటు ఈ రకం వచ్చి ఉంటే ఇదే వేయాలి. లేని జీపుకు పని గట్టుకొని తగిలించనక్కర లేదు.

మూడోది కరెంటు ఫ్యాను. దీనికి సొంత మోటారు ఉంటుంది. బండి నిలబడి ఉన్నా నిండు వేగంతో తిరుగుతుంది. వంకలో నీళ్లు ఉంటే స్విచ్చి ఆపవచ్చు. ఇవి మంచి గుణాలే. కానీ ఇది కరెంటు తాగుతుంది. 10 ఆంపియర్లు తాగే ఫ్యాను అనుకుంటే, బ్యాటరీ 12 వోల్టులు కాబట్టి 10 x 12 = 120 వాట్లు. అంటే ఇంట్లో 60 వాట్ల బల్బులు రెండు వెలిగినంత. 20 ఆంపియర్లు తాగేవీ ఉంటాయి. పాత జీపులో కరెంటు తయారుచేసే డైనమో చిన్నది. రాత్రిపూట లైట్లు, ఫ్యాను రెండూ వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. వైరు సన్నగా ఉంటే కాలిపోతుంది. కరెంటు ఫ్యాను వేయాలంటే తగిన ఆల్టర్నేటరు, లావు వైరు, ఫ్యూజు, రిలే అన్నీ ఉండాలి.

అందుకే "ఏ ఫ్యాను మంచిది?" అని అడిగితే లాభం లేదు. "మన బండికి, మన పనికి ఏది మంచిది?" అని అడగాలి. ఈ సంఘం జీపు పాతది, డైనమో చిన్నది. రాత్రి వేళ కూడా పోవలసి ఉంటుంది. ఊళ్లో బాగుచేసుకోవడానికి వీలుండాలి. కాబట్టి కంపెనీ వేసిన రకం బెల్టు ఫ్యానే దీనికి తగినది.

కొలతలు రాసుకోవాలి

"నాలుగు రెక్కలకు ఆరు రెక్కలు వేస్తే ఇంకా చల్లగా ఉండదా?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. రెక్కలు ఎక్కువైతే గాలి ఎక్కువ రావచ్చు. కానీ బరువూ ఎక్కువే. బెల్టు మీద, పంపు బేరింగు మీద భారం పడుతుంది. డీజిలు కూడా ఎక్కువ తాగుతుంది. అదే ఇంజనుకు కంపెనీ ఆరు రెక్కల ఫ్యాను ఇచ్చి ఉంటే వేయవచ్చు. లేకపోతే పాత లెక్కే మేలు.

ఫ్యాను విప్పాక లెక్కల చెల్లి టేపు పట్టింది. నడిమి నుంచి రెక్క కొస దాకా కొలిచింది. ఏడున్నర అంగుళాలు వచ్చింది. రెండింతలు చేస్తే 15 అంగుళాలు. ఒక అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. కాబట్టి సుమారు 38 సెంటీమీటర్లు. కాగితం మీద ఇట్లా రాసింది:

1. ఫ్యాను వెడల్పు: 15 అంగుళాలు.
2. రెక్కలు: 4.
3. బోల్టు రంధ్రాలు: 4. వాటి మధ్య దూరం.
4. నడిమి రంధ్రం వెడల్పు.
5. తిరిగే దిక్కు: బండి ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు.
6. బండి పేరు, ఇంజను పేరు, తయారైన సంవత్సరం. ఇవి ఆర్.సి. పుస్తకంలో చూసి రాసింది.

ఇవి ఈ కథలోని జీపు కొలతలు. ఎవరి జీపుకు వాళ్లే కొలవాలి.

తిరిగే దిక్కు ఎందుకు రాయాలి? గాలి ముందు నుంచి వెనక్కి రావాలి. వేరే దిక్కు తిరిగే ఇంజను ఫ్యాను తెచ్చి వేస్తే గాలిని ముందుకు తోస్తుంది. బండికి ఎదురుగా వచ్చే గాలితో కొట్లాడుతుంది. తూర్పారబట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడితే పొట్టు మొహాన పడుతుంది గదా! ఇదీ అంతే. సరైన ఫ్యానును కూడా తిరగేసి బిగించకూడదు. గాలి దిక్కు మారదు కానీ రెక్క వంపు ఎదురు తిరిగి గాలి తగ్గిపోతుంది.

షాపులో

మరునాడు లీడరక్క, లెక్కల చెల్లి, డ్రైవరు ముగ్గురూ కర్నూలు పోయారు. పాత ఫ్యానును సంచిలో వేసుకొని పోయారు. కొలతల కాగితం చేతిలో ఉంది.

షాపతను ఒక ఫ్యాను తెచ్చాడు. "ఇది అన్ని జీపులకూ పడుతుంది" అన్నాడు. చెల్లి పాత ఫ్యాను మీద కొత్తది పెట్టి చూసింది. బోల్టు రంధ్రాలు కలవలేదు. "రంధ్రం కొంచెం పెద్దది చేస్తే సరిపోతుంది" అన్నాడతను. చెల్లి వద్దంది. రంధ్రం కదిలితే ఫ్యాను నడిమి తప్పుతుంది. నడిమి తప్పిన ఫ్యాను వణుకుతుంది. ఆ వణుకుకు పంపు బేరింగు పోతుంది.

రెండో ఫ్యాను రంధ్రాలు కలిశాయి. చెల్లి దాన్ని చదునైన బండ మీద పెట్టింది. రెక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూసింది. పగుళ్లు, వెల్డింగు మచ్చలు ఉన్నాయా అని చూసింది. డ్రైవరు కవరు కోసం గుజిరీ అంగడికి పోయాడు. పాత కవరు గుజిరీలో కొన్నా ఫరవాలేదు, వంకర లేకుంటే చాలు. ఫ్యాను మాత్రం గుజిరీలో పగులు చూసుకోకుండా కొనకూడదు. వేగంగా తిరిగేటప్పుడు రెక్క విరిగితే కత్తిలా ఎగురుతుంది.

లెక్క ఇట్లా తేలింది. ఫ్యాను 900. కవరు 600. బెల్టు 350. మొత్తం 1,850 రూపాయలు. కరెంటు ఫ్యానుకు చెప్పింది 6,500. మిగిలింది 4,650 రూపాయలు. ఇవి కథలోని ధరలు. అసలు ధరలు అంగడికో తీరుగా ఉంటాయి. కానీ ఒక మాట మాత్రం ఎక్కడైనా ఒకటే. బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లులో వస్తువు పేరు, తేదీ, ధర చదివి చూసుకోవాలి. చెల్లి మూడు బిల్లులూ చదివి సంఘం పుస్తకంలో అంటించింది.

బిగించాక చూడాలి

ఫ్యాను రెక్కకూ రేడియేటరుకూ మధ్య కనీసం ఒక అంగుళం సందు ఉండాలి. బండి అదిరినప్పుడు ఇంజను కదులుతుంది. సందు లేకపోతే రెక్క తగిలి రేడియేటరు చీలుతుంది. రెక్క సగం కవరు లోపల, సగం బయట ఉండాలి. కవరు లేకపోతే ఫ్యాను చుట్టుపక్కల గాలినే తిప్పుతుంది. రేడియేటరు గుండా లాగదు.

తరువాత కాగితం పరీక్ష. ఇంజను నడుస్తుండగా బండి ముందర, జాలీ దగ్గర ఒక కాగితం పట్టాలి. ఫ్యాను బాగా లాగితే కాగితం జాలీకి అతుక్కుంటుంది. బయటికి ఎగిరితే ఫ్యాను తప్పు దిక్కున గాలి తోస్తున్నట్టు.

జాగ్రత్తలు మరిచిపోవద్దు

బానెట్టు తెరిచేటప్పుడు కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. తిరిగే బెల్టు, ఫ్యాను బట్టను ఒక్క రెప్పపాటులో లాక్కుంటాయి. కరెంటు ఫ్యాను ఉన్న బండిలో ఇంజను ఆపినా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు.

ఉడుకు మీద రేడియేటరు మూత తీయకూడదు. అది కుక్కరు లాంటిది. లోపల ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలు దాటి ఉండవచ్చు. మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి. తరువాత మందపు గుడ్డ వేసి, మూత కొంచెం తిప్పి, ఆవిరి పోయాక తీయాలి. ఉడుకు ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారి పోస్తే ఇనుము పగులుతుంది.

వంకలో నీళ్లు నిలిచి ఉంటే మెల్లగా దాటాలి. బెల్టు ఫ్యాను నీళ్లను కొడితే రెక్కలు ముందుకు వంగి రేడియేటరుకు తగలవచ్చు. వంక పారుతుంటే మాత్రం ఏ బండీ దిగకూడదు. 2021 నవంబరులో చెయ్యేరు పొంగినప్పుడు కడప జిల్లాలో ఎన్ని ప్రాణాలు పోయాయో అందరూ చూశారు.

చివరి మాట

ఆ సంఘం జీపు మళ్లీ మిట్ట ఎక్కింది. ముల్లు నడిమినే నిలిచింది. నెల తిరగకముందే ఒక రాత్రి లీడరక్క కూతురికి నొప్పులు వచ్చాయి. జీపు లైట్లు వేసుకొని వంక దాటింది. తారు రోడ్డు దగ్గర 108 నిలబడి ఉంది. తెల్లవారేసరికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

లీడరక్క చెల్లితో అంది: "నువ్వు ఆ పొద్దు ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే డబ్బు పోయేది. ఈ రాత్రి లైట్లకు బ్యాటరీ కూడా ఉండేది కాదేమో."

చెల్లి మెకానిక్కు కాదు. ఆమెకు రాయడం, చదవడం, కొలవడం వచ్చు. తెలియనిది అడగడం వచ్చు. ఆమె చేసింది అంతే.

మాట్లాడుకోండి

1. మీ ఊరికి వచ్చే జీపు ఎప్పుడు వేడెక్కుతుంది? మెల్లగా పోయినప్పుడా? వేగంగా పోయినప్పుడా?
2. ఫ్యాను కొనే ముందు రాసుకోవలసిన కొలతలు ఏవి? చూడకుండా రాయండి.
3. ఫ్యాను నడిమి నుంచి రెక్క కొస దాకా 8 అంగుళాలు. అయితే ఫ్యాను వెడల్పు ఎంత?
4. మీ సంఘం ఈ మధ్య కొన్న వస్తువు ఏది? దాని బిల్లు ఉందా? తీసి చదవండి.